మూసి ఉంచుకోవాలనిపించే ఫ్లిప్ హెల్మెట్ ఎంచుకోవడం ఎలా?

ఫ్లిప్ హెల్మెట్ కొనడానికి వచ్చినవాళ్లు షాపులో మొదట చేసే పని బటన్ నొక్కి గడ్డం భాగాన్ని పైకి లేపి చూడడం. అది సాఫీగా లేస్తే సంతోషించి, రంగు చూసి, ధర మాట్లాడి కొనేస్తారు. నా సలహా వేరు. ఈ హెల్మెట్‌ను తెరిచినప్పుడు కాదు, మూసినప్పుడు ఎలా ఉందో చూసి ఎంచుకోవాలి. మూస్తే ఉక్కపోసినా, నుదురు నొక్కినా, కళ్ల ముందుండే వైజర్ మీద ఆవిరి పట్టినా చేయి తనంతట తానే గడ్డం కిందికి వెళ్లి బటన్ నొక్కేస్తుంది. నాలుగు రోజులు పోయాక ఆ హెల్మెట్ రోడ్డు మీద ఎప్పుడూ లేచే ఉంటుంది. ఎంత డబ్బు పెట్టి కొన్నా అప్పుడది నడినెత్తిని మాత్రమే కాపాడుతుంది, ముఖాన్ని కాదు.

మందుల కంపెనీ ప్రతినిధిగా నా రోజంతా బైకు మీదే గడుస్తుంది. ఉదయం రాజమహేంద్రవరం దానవాయిపేటలోని ఆసుపత్రులు, మధ్యాహ్నం వేమగిరి, జొన్నాడ మీదుగా రావులపాలెం, కొన్ని రోజులు అక్కడి నుంచి కొత్తపేట, అమలాపురం. దారిలో మెడికల్ షాపు కనిపించినచోటల్లా ఆగాలి, కౌంటర్ దగ్గర మాట్లాడాలి, స్టాకిస్టు ఫోను చేస్తే బండి పక్కకు తీసి జవాబివ్వాలి. కళ్లజోడు లేకపోతే నాకు బోర్డులు కనిపించవు. మామూలు ఫుల్ ఫేస్ హెల్మెట్ అయితే ప్రతిచోటా కళ్లజోడు తీయడం, హెల్మెట్ తీయడం, మళ్లీ రెండూ పెట్టుకోవడం. ఇలాంటి పనిలో ఉన్నవాళ్లకు, అంటే ఫైనాన్సు వసూళ్లకు తిరిగేవాళ్లకు, పల్లెల్లో బడులకు వెళ్లే ఉపాధ్యాయులకు, పాల కేంద్రాలు చూసుకునేవాళ్లకు ఫ్లిప్ హెల్మెట్ నిజంగా ఉపకారం చేస్తుంది. కంపెనీలు మాడ్యులర్ అని రాసేది దీన్నే.

ముఖం గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. జర్మనీలోని హనోవర్‌లో డైట్‌మార్ ఓటె అనే పరిశోధకుడు ప్రమాదాల్లో దెబ్బతిన్న హెల్మెట్లను పరిశీలించి, దెబ్బలు ఎక్కడెక్కడ తగిలాయో లెక్క తీశారు. అందులో మూడో వంతుకు పైగా గడ్డం, దవడల ప్రాంతంలోనే ఉన్నాయి. మనిషి బండి మీద నుంచి ఎక్కువగా ముందుకే పడతాడు కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు. ఆసుపత్రుల్లో తిరిగే నాకు దవడ విరిగి, తీగలతో కట్టించుకుని, గొట్టంతో జావ తాగుతున్న కుర్రాళ్లు కనిపిస్తూనే ఉంటారు. అందుకే హెల్మెట్ సౌకర్యంగా ఉండాలనే మాటను నేను విలాసంగా చూడను. సౌకర్యంగా ఉంటేనే అది మూసి ఉంటుంది.

ముందుగా ముద్రలు చూడండి

ఐఎస్ఐ ముద్ర లేని హెల్మెట్‌ను మన దేశంలో అమ్మడం 2021 జూన్ 1 నుంచి చట్టవిరుద్ధం. ఆ ముద్ర దగ్గర ఐఎస్ 4151 అనే ప్రమాణం సంఖ్య, తయారీదారు లైసెన్సు నంబరు ఉంటాయి. ఆ నంబరును, ఐఎస్ఐ ముద్ర ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఏ సంస్థదో తెలుస్తుంది. హెల్మెట్ మీద ఒక పేరు, యాప్‌లో ఇంకొక పేరు వస్తే దాన్ని అక్కడే పెట్టి వచ్చేయండి. రోడ్డు పక్కన గుట్టలుగా పోసి అమ్మేవాటి మీద ముద్ర ఉన్నా, చాలాసార్లు నంబరు సరిపోదు.

ఫ్లిప్ హెల్మెట్‌కు ఐఎస్ఐతో పాటు ఈసీఈ ముద్ర కూడా ఉండాలని నేను పట్టుబడతాను. ఇది యూరప్ దేశాలు పాటించే ప్రమాణం. గడ్డం కింద కట్టుకునే పట్టీకి చిన్న గుడ్డ లేబుల్ కుట్టి ఉంటుంది. వృత్తంలో ఇంగ్లిషు 'ఈ' (E) అక్షరం, పక్కన ఆమోదం ఇచ్చిన దేశం సంఖ్య కనిపిస్తాయి. ఇటలీ అయితే 3, నెదర్లాండ్స్ అయితే 4, స్పెయిన్ అయితే 9. దాని కింద పొడవాటి నంబరు ఉంటుంది. అది 05తో మొదలైతే పాత 22.05 ప్రమాణం, 06తో మొదలైతే కొత్త 22.06. కొత్తదానిలో తల మెలితిరిగేలా తగిలే దెబ్బలకు కూడా పరీక్ష చేర్చారు. దొరికితే 06 తీసుకోండి.

ఆ నంబరు తర్వాత వచ్చే అక్షరాలే మనకు అసలు కీలకం. పీ అంటే గడ్డం భాగం రక్షణ ఇస్తుందని. జే అంటే ముఖం తెరిచి ఉండే హెల్మెట్‌గా పరీక్షించారని. పీ, జే రెండూ ఉంటే మూసినప్పుడూ తెరిచినప్పుడూ విడివిడిగా పరీక్షలు నెగ్గిందని అర్థం. ఎన్‌పీ అని ఉంటే గడ్డం భాగం చూడటానికే తప్ప రక్షణకు కాదని తయారీదారే ఒప్పుకున్నట్టు. పీ, జే రెండూ ఉన్నదాన్నే కొనండి. అమెరికా వాళ్ల డాట్ ముద్రను చూసి మాత్రం మురిసిపోవద్దు. అక్కడి నిబంధన ప్రకారం తయారీదారే తన హెల్మెట్ ప్రమాణానికి తగ్గట్టు ఉందని ధ్రువీకరించుకుంటాడు, ముందుగా బయటి పరీక్ష ఉండదు.

తల కొలత, తల ఆకారం

దర్జీ టేపు తీసుకుని కనుబొమలకు వేలెడు పైన, చెవుల పైనుంచి, తల వెనక అన్నిటికంటే ఉబ్బెత్తుగా ఉన్నచోటు మీదుగా చుట్టి కొలవండి. ఎవరికి వారు కొలుచుకుంటే టేపు వెనక జారుతుంది, ఇంట్లో ఎవరినైనా కొలవమనండి. చాలా కంపెనీల లెక్కలో 55, 56 సెంటీమీటర్లు స్మాల్, 57, 58 మీడియం, 59, 60 లార్జ్, 61, 62 ఎక్స్‌ట్రా లార్జ్. ఇది మొదటి అంచనా మాత్రమే. ఒక కంపెనీ లార్జ్ మరో కంపెనీ మీడియంలా ఉండవచ్చు. ఒకే కంపెనీలో రెండు మోడళ్లు కూడా ఒకేలా కూర్చోవు.

కొలత ఒకటే అయినా ఆకారం వేరు కావచ్చు. కొందరి తల ముందు నుంచి వెనకకు పొడవుగా ఉంటుంది, కొందరిది గుండ్రంగా ఉంటుంది. తల తడిపి జుట్టు అణచి, పైనుంచి ఫోటో తీయిస్తే మీది ఏదో తెలిసిపోతుంది. పొడవు తలకు గుండ్రటి హెల్మెట్ పెడితే నుదుటి మధ్యలో నొప్పి పుడుతుంది, చెవుల పైన మాత్రం వదులుగా ఉంటుంది. గుండ్రటి తలకు పొడవాటిది పెడితే కణతలు నొక్కుతాయి. ఈ రెండు నొప్పులనూ గుర్తుపట్టగలిగితే సగం పని అయిపోయినట్టే. షాపతను ఏ సైజు తెచ్చినా తలనొప్పి తగ్గకపోతే తప్పు సైజుది కాదు, మోడల్‌ది.

షాపులో అరగంట

మా టీములో కొత్తగా చేరిన కుర్రాడికి హెల్మెట్ కొనడానికి తోడుగా వెళ్లాను. మధ్యాహ్నం రెండు దాటాక వెళ్లాం. ఆ వేళ షాపులో రద్దీ ఉండదు, ఎంతసేపు పెట్టుకుని కూర్చున్నా ఎవరూ విసుక్కోరు. లోపలికి వెళ్తూనే విషయం చెప్పాను: "అరగంట పెట్టుకుని చూస్తాడండీ, నచ్చితే ఈరోజే తీసుకుంటాం." షాపతను సరేనని కుర్చీ వేయించాడు. ముందే చెప్పి అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

కుర్రాడు ఒక మోడల్ పెట్టుకుని పది నిమిషాలు కాకముందే నుదురు రుద్దుకోవడం మొదలుపెట్టాడు. హెల్మెట్ తీయించి చూస్తే కనుబొమల మధ్య నుంచి పైకి రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ. "కొత్తలో అలాగే ఉంటుంది సార్, వాడితే వదులవుతుంది" అన్నాడు షాపతను. చెంపల విషయంలో ఆ మాట నిజం. చెంపల ప్యాడ్లు మెత్తటి స్పాంజితో చేస్తారు, కొన్ని వారాల్లో అవి అణిగి చోటిస్తాయి. కానీ నుదుటి దగ్గర పలచటి గుడ్డ వెనక ఉండేది గట్టి థర్మాకోల్. అది వాడకంతో వదులు కాదు. దెబ్బ తగిలినప్పుడు మాత్రమే నలగాలి, దాని పనే అది. అందుకని చెంపలు బిగుతుగా ఉంటే కొనవచ్చు, నుదురు నొక్కితే కొనకూడదు. కుర్రాడు వేరే కంపెనీది పెట్టుకున్నాక అరగంట గడిచినా నుదుటి మీద మచ్చ పడలేదు. చెంపలు మాత్రం నోట్లో లడ్డూ పెట్టుకున్నట్టు ఉబ్బి ఉన్నాయి. అదే తీసుకున్నాం.

ఆ అరగంటలో చేయవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. పట్టీ బిగించుకుని, రెండు చేతులతో హెల్మెట్ పట్టుకుని కుడి ఎడమలకు తిప్పండి. హెల్మెట్‌తో పాటు చెంపల చర్మం కూడా కదలాలి. చర్మం కదలకుండా హెల్మెట్ ఒక్కటే తిరిగితే అది పెద్దది. తర్వాత వెనకవైపు అడుగు అంచు పట్టుకుని పైకి, ముందుకు లాగమనండి. ఊడి వచ్చేస్తే పడినప్పుడు కూడా ఊడిపోతుంది. మూసిన గడ్డం భాగాన్ని బయటి నుంచి ముఖం వైపు గట్టిగా నొక్కండి. అది పెదాలకు, ముక్కుకు తగలకూడదు. కొన్ని చవక ఫ్లిప్ హెల్మెట్లలో గడ్డం భాగం చిన్నదిగా ఉండి మాట్లాడినప్పుడల్లా గడ్డానికి రాసుకుంటుంది. గంటసేపు బండి నడిపితే అది పుండవుతుంది.

చెవులను మరిచిపోవద్దు. హెల్మెట్ దిగేటప్పుడు చెవి పైభాగం మడతపడిపోతుంది. మొదట తెలియదు, తర్వాత మండుతుంది. గడ్డం భాగం పైకి లేపి, రెండు పట్టీలనూ చెరో చేత్తో పట్టుకుని బయటికి లాగుతూ దించుకోవాలి. దించుకున్నాక చెవుల చుట్టూ గుంట లాంటి ఖాళీ ఉందో లేదో వేలితో తడిమి చూడండి.

కళ్లజోడు ఉన్నవాళ్లు

ఫ్లిప్ హెల్మెట్ వల్ల అందరికంటే ఎక్కువ లాభం మనకే. గడ్డం భాగం పైకి లేపి హెల్మెట్ పెట్టుకుని, ఆ తర్వాత కళ్లజోడు పెట్టుకుని, చివరగా మూస్తాం. కానీ కాడలు దూరే చోటు అన్ని హెల్మెట్లలో ఉండదు. మంచివాటిలో కణతల దగ్గర ప్యాడ్‌కు కాడ పట్టేంత పల్లం చేసి ఉంచుతారు. అది లేకపోతే కాడ కణతకు అదుముకుని, సాయంత్రానికి తల పగిలిపోతుంది. షాపుకు రోజూ వాడే కళ్లజోడే పెట్టుకుని వెళ్లండి. వెడల్పాటి ప్లాస్టిక్ కాడల కంటే సన్నటి లోహపు కాడలు బాగా ఇముడుతాయి. కళ్లజోడు పెట్టుకుని, గడ్డం భాగం మూసి, ఎండ కోసం లోపల ఉండే నల్ల వైజర్‌ను కిందికి దించండి. చాలా మోడళ్లలో అది కళ్లజోడు పై అంచుకు గానీ ముక్కుకు గానీ తగులుతుంది. తగిలితే ఆ హెల్మెట్ మీకు కాదు.

ఆ నల్ల వైజర్ మీట ఎక్కువ మోడళ్లలో ఎడమవైపు అడుగున ఉంటుంది. గ్లవ్స్‌తో వెతికి చూడండి. ఎండలో నుంచి ఒక్కసారిగా కొబ్బరితోటల నీడలోకి వెళ్తే క్షణంపాటు ఏమీ కనిపించదు. చేయి చటుక్కున మీటను అందుకోగలగాలి.

లాక్‌ను నమ్మే ముందు

మడిచే భాగం ఉన్న వస్తువులో మడత దగ్గరే బలహీనత ఉంటుంది. గడ్డం భాగానికి రెండు వైపులా కొక్కేలుంటాయి. లోపల చూడండి: కొక్కెం, అది పట్టుకునే కడ్డీ రెండూ లోహంతో చేసినవైతే మంచిది. తర్వాత నేను తప్పకుండా చేసే పరీక్ష ఒకటి ఉంది. గడ్డం భాగాన్ని మధ్యలో కాకుండా కుడివైపు ఒక్కచోటే నొక్కి మూస్తాను, ఆపైన ఎడమవైపు ఒక్కచోటే. ఎటు నొక్కినా రెండు కొక్కేలూ పడాలి. కొన్నింటిలో ఒకవైపే పడి, రెండో వైపు సన్నటి సందు మిగులుతుంది. ఆ సందు పెట్టుకున్నవాడికి కనిపించదు. మూసినట్టే అనిపిస్తుంది గానీ చిన్న దెబ్బకే తెరుచుకుంటుంది. అందుకే ఎంత మంచి హెల్మెట్ అయినా మూశాక బటన్ ముట్టకుండా గడ్డం భాగాన్ని ఒకసారి పైకి లాగి చూసుకునే అలవాటు చేసుకోండి.

తెరిచిన స్థితినీ పరీక్షించండి. గడ్డం భాగం పైకి లేపి, తల ముందుకు వంచి, నాలుగుసార్లు ఊపండి. తనంతట తాను కిందికి జారితే వద్దు. పైన నిలబెట్టే చిన్న లాక్ ఉంటే ఇంకా మంచిది. బటన్‌ను ఎడమ చేత్తో, ఒక్క చేత్తోనే తెరవగలగాలి. రోడ్డు పక్కన ఆగినప్పుడు కుడి చేయి బ్రేకు మీద ఉంటుంది కదా.

పీ, జే ఉన్నా సరే, రోడ్డు మీద లేపి నడపడాన్ని నేను ప్రోత్సహించను. ఊళ్లో సందుల్లో, ట్రాఫిక్ కదలకుండా నిలిచిపోయినప్పుడు సరే. జొన్నాడ దాటి గోదావరి వంతెన ఎక్కాక పక్కగాలి తగులుతుంటే, లేచి ఉన్న గడ్డం భాగం ఎదురుగాలిలో పట్టుకున్న గొడుగులా తలను వెనక్కి లాగుతుంది. మెడ నరాలు పట్టేస్తాయి. గడ్డం భాగం మొత్తం తల వెనక్కి తిరిగిపోయే రకాలు కూడా ఉన్నాయి, ఎల్‌ఎస్‌2 కంపెనీ వాలియంట్ అలాంటిదే. వాటికి గాలి అంతగా పట్టదు. కానీ కదిలే భాగాలు ఎక్కువ, తిరిగేటప్పుడు శుభ్రంగా లేకపోతే దుమ్ముకు కిర్రుమంటాయి.

ఎండ, చెమట, ఆవిరి

మే నెలలో గోదావరి జిల్లాల ఎండలో ఏ హెల్మెట్ పెట్టుకున్నా చల్లగా ఉండదు. చల్లగా ఉంటుందని చెప్పేవాళ్లను నమ్మకండి. గాలి కదిలితే మాత్రం భరించగలం. హెల్మెట్ పైన రెండు మూడు మూతలు, లోపలికి గాలి వస్తుందన్నట్టుగా ఉంటాయి. వాటిలో కొన్ని వట్టి అలంకారం. దీన్ని పట్టుకోవడం చాలా సులువు. లోపలి గుడ్డ ప్యాడింగ్‌ను బటన్లు ఊడదీసి బయటికి తీయండి. పైమూత తెరిచి, ఫోను టార్చి వెలుగును ఆ రంధ్రంలోకి కొట్టి, లోపలి నుంచి చూడండి. థర్మాకోల్‌లో వెలుగు చుక్క కనిపిస్తే గాలికి దారి ఉన్నట్టు. వెలుగు రాకపోతే ఆ మూత ప్లాస్టిక్ మీద అతికించిన బొమ్మే. ముందు నుంచి వెనకకు థర్మాకోల్‌లో కాలువల్లా గాడులు కూడా ఉండాలి. వెనకవైపు గాలి బయటికి పోయే దారి లేకపోతే ముందు ఎన్ని రంధ్రాలున్నా ప్రయోజనం లేదు.

లోపలి ప్యాడింగ్ మొత్తం ఊడి రావాలి, ఉతకగలగాలి. ఊడిరాని ప్యాడింగ్ ఉన్న హెల్మెట్‌ను రోజూ తిరిగేవాళ్లు అసలు కొనకూడదు. తలకు నూనె రాసుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. నూనె, చెమట, దుమ్ము కలిసి ప్యాడ్ల మీద జిడ్డు పొరలా పేరుకుంటాయి. దురద, చుండ్రు, నుదుటి మీద కురుపులు అక్కడి నుంచే వస్తాయి. పలచటి నూలు టోపీ ఒకటి లోపల పెట్టుకుంటే సగం బాధ తప్పుతుంది. రెండు టోపీలు ఉంచుకుని రోజుకొకటి ఉతుక్కోవచ్చు. టోపీ పెట్టుకునే వాడతారనుకుంటే షాపులో కూడా అదే పెట్టుకుని చూడండి, బిగుతు మారుతుంది.

వానాకాలంలో సమస్య వేరు. బయట చినుకులు, లోపల ఊపిరి ఆవిరి. వైజర్ తెల్లగా మారి ఎదుటి లారీ లైట్లు ముద్దలా కనిపిస్తాయి. కళ్లజోడు ఉన్నవాళ్లకు రెండు పొరల ఆవిరి. ఈ సమయంలోనే ఎక్కువమంది గడ్డం భాగం లేపేస్తారు. దీనికి మూడు చూడాలి. ముక్కు దగ్గర ఊపిరిని కిందికి మళ్లించే రబ్బరు తొడుగు ఉందా? వైజర్‌ను కొద్దిగా, అంటే చిటికెన వేలి మందం మాత్రమే తెరిచి నిలబెట్టే మొదటి గాడి ఉందా? వైజర్ లోపలి వైపు రెండు పక్కలా చిన్న పిన్నులు ఉన్నాయా? ఆ పిన్నుల మధ్య పిన్‌లాక్ అనే పలచటి రెండో పొరను బిగించుకోవచ్చు. అది ఆవిరి పట్టకుండా ఆపడంలో నేను చూసినవాటన్నిటికంటే బాగా పనిచేస్తుంది. దాన్ని విడిగా కొనాల్సి వచ్చినా కొనండి.

బయటి వైజర్ ఎప్పుడూ తెల్లదే, అంటే రంగు లేని పారదర్శకమైనదే తీసుకోండి. పూర్తి నల్ల వైజర్ కుర్రాళ్లకు ఇష్టమని తెలుసు. కానీ కాలువ గట్ల మీద రాత్రి పూట ఎదురుగా లైటు లేని సైకిలు వస్తే అందులోంచి కనిపించదు. పైగా పొద్దు గూకే వేళ కాలువల పక్కన పురుగులు కంట్లో పడకుండా వైజర్ మూసే ఉండాలి.

బరువు, చప్పుడు, పట్టీ

గడ్డం భాగం, దాని కొక్కేలు, నల్ల వైజర్ అన్నీ కలిసి ఫ్లిప్ హెల్మెట్‌ను మామూలు ఫుల్ ఫేస్ కంటే బరువు చేస్తాయి. ఈసీఈ ముద్ర ఉన్నవి ఎక్కువగా 1.5 నుంచి 1.8 కిలోల మధ్య ఉంటాయి. ప్రయాణ సామాను తూచే కొక్కెం కాటా నా బ్యాగులో ఉంటుంది, షాపులో పట్టీకి తగిలించి తూస్తాను. 1.7 దాటితే మెడనొప్పి ఉన్నవాళ్లకు వద్దంటాను. అయితే అంకె ఒక్కటే చూసి తేల్చకండి. పెట్టుకుని తల కిందికి వంచి, ఎడమ భుజం మీదుగా వెనక్కి చూసి, మళ్లీ కుడివైపు చూడండి. బరువు ముందుకు తూగుతున్నట్టు ఉంటే తేలికైన హెల్మెట్ కూడా సాయంత్రానికి మెడ లాగేస్తుంది. సమతూకం బాగుంటే కాస్త బరువైనదీ తెలియదు.

ఫ్లిప్ హెల్మెట్‌లో గాలి చప్పుడు ఎక్కువే, అతుకులు ఎక్కువ కాబట్టి. ఊళ్లో తిరిగేవాళ్లకు దీనివల్ల ఇబ్బంది లేదు. హైవే మీద గంటల తరబడి నడిపేవాళ్లు గడ్డం కింద అమర్చే గుడ్డ తెర ఉన్నదాన్ని చూసుకోవచ్చు, ఎండాకాలంలో దాన్ని తీసేయాలి.

పట్టీ సంగతి. పళ్లచక్రంలా టకటకా బిగుసుకునే బకిల్ రోజూ వాడకానికి చాలా అనువు. రెండు రింగుల పట్టీ గట్టిదే కానీ గంటకొకసారి తీసేవాళ్లకు విసుగు పుట్టి, చివరికి కట్టుకోవడమే మానేస్తారు. ఫ్లిప్ హెల్మెట్ వాడేవాళ్లలో చాలామంది గడ్డం భాగం మూశాం కదా అని పట్టీ వదిలేస్తారు. ఆ రెండింటికీ సంబంధం లేదు, తలకు హెల్మెట్‌ను పట్టి ఉంచేది పట్టీయే. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ కూడా పట్టీ గట్టిగా బిగించుకోవాలనే చెబుతుంది. ఆ సెక్షన్‌ను ఉల్లంఘిస్తే చట్టంలో రాసిన జరిమానా 1000 రూపాయలు, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. పట్టీకీ గడ్డానికీ మధ్య రెండు వేళ్లు పట్టేంత సందు చాలు.

జడ వేసుకునేవాళ్లు షాపుకు రోజూ వేసుకునే జడతోనే వెళ్లాలి. ముడి గానీ జుట్టుకు పెట్టే గట్టి క్లచ్ గానీ హెల్మెట్ లోపల ఉండకూడదు. అది హెల్మెట్‌ను ముందుకు తోసి నుదురు నొక్కుతుంది, పడితే తలకే గుచ్చుకుంటుంది. మెడ దగ్గర వదులుగా అల్లిన జడ హెల్మెట్ వెనక నుంచి బయటికి వస్తే హాయిగా ఉంటుంది. మా ఇంట్లో బండి వెనక కూర్చునే మనిషికీ నేను ఫ్లిప్ హెల్మెటే కొన్నాను. పూలు పెట్టుకున్న రోజున కూడా ఆమె దాన్ని పెట్టుకోగలుగుతోంది, పూలమాల మెడ దగ్గరికి దించుకుంటే చాలు.

ఎంత పెట్టాలి

స్టడ్స్ నింజా, వేగా క్రక్స్ వంటివి తక్కువ ధరలో దొరికే ఫ్లిప్ హెల్మెట్లు. ఊళ్లో పది నిమిషాల ప్రయాణానికి అవి చాలు. రోజూ గంటల తరబడి రోడ్డు మీద ఉండేవాళ్లు ఆపై మెట్టుకు వెళ్లాలి. స్టడ్స్ వారిదే అయిన ఎస్ఎంకేలో గల్‌వింగ్, ఎంటీలో ఆటమ్, ఎల్‌ఎస్‌2 రకాలు ఆ వరుసలో ఉంటాయి. ఒకే పేరుతో ముద్రలు వేరైన రకాలు రావచ్చు, కాబట్టి పేరు చూసి కాదు, లేబుల్ చూసి కొనండి. షోయీ, షూబర్త్ కంపెనీలవి అద్భుతంగా ఉంటాయి. మనలాంటి వాళ్ల బండి ఖరీదులో పెద్ద భాగమే అవుతుంది వాటి ధర. చేతిలో ఏడెనిమిది వేలుంటే రెండు వేలు మిగుల్చుకోవడం కోసం కిందికి దిగొద్దు. ఫోనుకు అంతకు ఎన్నో రెట్లు పెడుతున్నాం.

ఆన్‌లైన్‌లో ధర తగ్గవచ్చు. షాపులో అరగంట కూర్చుని చూసిన మోడల్, అదే సైజు అయితేనే అక్కడ కొనండి. అయినా నేను షాపులోనే కొంటాను. కూర్చోబెట్టి చూడనిచ్చినందుకు ఆ రెండు మూడు వందలు అతనికి చెందాలి.

కొన్నాక

బైకు అద్దానికి తగిలించవద్దు. అద్దం కొన లోపలి థర్మాకోల్‌కు గుంట పెడుతుంది, ఆ చోట రక్షణ పోతుంది. పెట్రోలు ట్యాంకు మీద, ఎండలో డిక్కీ మీద గంటల తరబడి ఉంచవద్దు. జిడ్డు పోవడానికి పెట్రోలు, థిన్నర్ లాంటివి అసలు తగలనివ్వకూడదు, ప్లాస్టిక్ లోలోపల పెళుసెక్కుతుంది. ప్యాడ్లను పిల్లల షాంపూ కలిపిన నీళ్లలో నానబెట్టి, పిండకుండా అదిమి, నీడలో ఆరేయండి. వైజర్‌ను పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. తడిగుడ్డ కప్పి పురుగులు నానాక తుడవాలి. కొక్కేల దగ్గర చేరే ఇసుకను నెలకొకసారి పాత టూత్‌బ్రష్‌తో దులిపి, సిలికాన్ నూనె ఒక్క చుక్క వేస్తే లాక్ చక్కగా పడుతుంది.

కొన్న తేదీని లోపలి ప్యాడింగ్ కింద స్కెచ్ పెన్నుతో రాసి ఉంచుకోండి. రోజూ వాడేదాన్ని అయిదేళ్లకు మించి సాగదీయవద్దు. ప్రమాదంలో రోడ్డుకు కొట్టుకుంటే బయట గీత కూడా పడకపోయినా మార్చేయాలి. సెకండ్ హ్యాండ్‌ది ఎవరిచ్చినా తీసుకోవద్దు, దాని లోపల ఏమి జరిగిందో పైకి కనిపించదు. ఏడాదో ఏడాదిన్నరో వాడాక చెంపల దగ్గర వదులైతే హెల్మెట్ మొత్తం మార్చక్కర్లేదు, కొంచెం మందపాటి చెంప ప్యాడ్లు విడిగా దొరుకుతాయి. అవి దొరికే కంపెనీయేనా కాదా అని కొనేటప్పుడే షాపతన్ని అడిగి, వీలైతే రెండో జత అప్పుడే తెప్పించమనండి. ఉతికిన జత ఆరేవరకు అదీ పనికొస్తుంది.